చేవ్రాఁత పోకడ యచ్చక్షరము: "లక్కిరెడ్డి" ఖతి

అచ్చక్షరమునకుఁ బనులు రెండు. తాను మఱుఁగుపడి చదువరికి శబ్దమును జూపుట యొకటి. శబ్దమును జూపుటకు ముందే తన్నుఁ జూపించుకొనుట రెండవది. గ్రంథశరీరమునఁ గూర్చు నక్షరము మొదటి తెగలోనిది. గ్రంథనామమునకును, అంగడిపలకకును, శుభలేఖకును, గోడపత్రమునకును వాడు నక్షరము రెండవ తెగలోనిది. ఈ రెండవ తెగను గూర్చి తెలుఁగున విమర్శనము మిక్కిలి తక్కువ. శబ్దసాధుత్వమును గూర్చియు, ఛందోభంగములను గూర్చియుఁ బుటలకొలఁది వాదములు జరిగినవి. ఆ వాదములను మోసిన యక్షరముల రూపురేఖలను బరీక్షించినవారు కొందఱే. వ్రాఁత సంకేతమాత్రము, శబ్దమే నిత్య మను సిద్ధాంతమునందు బెరిగిన పండితులకు నీ యుపేక్ష సహజము. కాని సంకేతము చెడినచో శబ్దము చెడి వినఁబడును గదా.

2013వ సంవత్సరమున దర్భా అప్పాజీ అంబరీష రూపొందించిన "లక్కిరెడ్డి" యను ఖతి యీ రెండవ తెగకుఁ జెందినది. సిలికానాంధ్ర సంస్థ దీనిని స్వేచ్ఛానుమతితో వెలువరించినది. గూగుల్ వారి ఖతిభాండారమునఁ జేరి యిది యెల్లరకును వెల లేక లభించుచున్నది. ఎవరైన వాడుకొనవచ్చును, అనుమతి పత్రములోని నియమములకు లోఁబడి మార్చుకొనవచ్చును. చేతితో గీసిన పోకడ దీని ప్రధానలక్షణము. శీర్షికలకును, గోడపత్రములకును, అలంకృతములైన యాహ్వానపత్రికలకును దగినదని దీనిని వెలువరించినవారే చెప్పియున్నారు. కాఁబట్టి దీనితోఁ బురాణ మచ్చువేయరాదని నిందించుట న్యాయము కాదు. తాను జేసెద నన్న పని యెట్టిది, ఆ పనికిఁ గావలసిన గుణము లెవ్వి యనునదియే విచార్యము.

ఖతి శబ్దము సంస్కృతము కాదు, అచ్చతెనుఁగును గాదు. గీఁత, వ్రాఁత యను నర్థములు గల యరబ్బీ "ఖత్" శబ్దమునుండి వచ్చినది. చేవ్రాఁతను దెలుపు పదమే యంత్రాక్షరమునకుఁ బేరగుట విచిత్రమే యైనను నసంగతము గాదు. ఏలయన నచ్చక్షరము పుట్టినప్పుడు చేవ్రాఁత ననుకరించియే పుట్టినది. క్రీ.శ. 15వ శతాబ్దిలో గుటెన్‌బర్గు పోయించిన యక్షరము లానాఁటి వ్రాయసకాండ్ర వ్రాఁతకుఁ బ్రతికృతులు. 1501లో వెనిసు నగరమున ఆల్డస్ మనూషియస్ ముద్రించిన గ్రంథములకు గ్రిఫో చెక్కిన వాలుటక్షరములును నట్టివే. అవి యప్పటి పండితుల జిలుఁగువ్రాఁతను బోలినవి. మొదట నా వాలుటక్షరములతో గ్రంథములకు గ్రంథములే కూర్చిరి. పిమ్మట నవి నొక్కి చెప్పవలసిన మాటలకును, గ్రంథనామములకును మాత్రము మిగిలినవి. చేవ్రాఁతను బోలిన యక్షరమునకుఁ దగిన చోటు పుటయంతయుఁ గాదని యైరోపీయులు గొంతకాలము వాడి చూచియే తెలిసికొనిరి.

తెలుఁగున నక్షరరూపముపైఁ బనిముట్టు ప్రభావము మొదటినుండియుఁ గలదు. కలమళ్ళ శాసనము (క్రీ.శ. 575 ప్రాంతము) నాఁటినుండి చూచినచో ఉలి చేసిన మార్పు వేఱు, గంటము చేసిన మార్పు వేఱు, ఈకకలము చేసిన మార్పు వేఱు. 1746లో జర్మనీదేశపు హాలె నగరమున షుల్జె తెలుఁగు పుస్తకములను ముద్రించినది మొదలు సీస మీ భేదములను సమముచేయ నారంభించెను. అయినను సీసమునకుఁ దెలుఁగు లిపి సులభముగా లొంగలేదు. గుణింతములకును, ఒత్తులకును వేఱువేఱు తునుకలు గావలెను. ఒక్క పరిమాణమునకే కొన్ని వందల యచ్చులు పోయవలసి యుండఁగా, శీర్షికలకొఱకుఁ బెద్ద పరిమాణములలో బహువిధములైన యక్షరములను బోయించు స్తోమత యే ముద్రాశాలకుఁ గలదు? అందుచేఁ బత్రికలవారు శీర్షికలను జిత్రకారులచేత గీయించి, బ్లాకులు చేయించి యచ్చువేసిరి. తెలుఁగున శీర్షికాక్షరకళ యీ లోపమునుండియే పుట్టినది. లోపము కళకుఁ దల్లియైన చోట్లలో నిది యొకటి.

ఆ కళలో బాపు (సత్తిరాజు లక్ష్మీనారాయణ, 1933–2014) సంపాదించిన ప్రసిద్ధి యన్యులకు లభింపలేదు. ఆయన వ్రాఁతను జూచినవారు సంతకము లేకున్నను గుర్తింతురు. అందుఁ దలకట్టు అతికించిన టోపీవలె నుండదు. చేయి పైకి విసరిన విసరుగా నుండును. సున్నచుట్టు పూర్తిగా మూసికొనవలె నను నియమము లేదు. అక్షరము లన్నియు నొకే గీఁతపై బడిపిల్లలవలె వరుసగా నిలువవు. అయినను జదువుటకుఁ దడవు పట్టదు. ఇందలి రహస్యము స్వేచ్ఛలో లేదు, స్వేచ్ఛకు హద్దు తెలియుటలో నున్నది. ఏ యవయవము వర్ణమును వర్ణాంతరమునుండి వేఱుచేయునో యా యవయవమును మాత్రము బాపు కదలింపలేదు. తక్కినదానితో యథేచ్ఛముగాఁ గ్రీడించెను. ఆయన వ్రాఁతయును గాలక్రమమునఁ గంప్యూటరు ఖతిగా మాఱినది. శుభలేఖలయందును, అంగడిపలకలయందును వ్యాపించినది. లక్కిరెడ్డి మొదలగు నిటీవలి ఖతులు నడచిన త్రోవ యప్పటికే పడియున్నది.

ఇచ్చట నొక చిక్కు గలదు. చిత్రకారుఁడు శీర్షికను వ్రాయునపుడు కథ నెఱిఁగి వ్రాయును; హాస్యకథయైనచో నక్షరము నవ్వును, కరుణకథయైనచోఁ గుదియును. ఖతి కథ నెఱుఁగదు. అదియుఁ గాక చేతివ్రాఁతలో నే రెండు మకారములును సర్వసమములు గావు. "అమ్మమ్మ" యని చేత వ్రాసినయెడల రెండవ జంట మొదటిదానికంటె వెండ్రుకవాసి వెడలుపుగనో, యొకింత జాఱియో యుండును. ఖతిలో నా రెండును నొకే మూసనుండి వెలువడును. మొదటి వంకర యందమై తోఁచును. ఆ వంకరయే మఱల నదేచోట, అదేకొలఁదిని వచ్చినప్పుడు కన్నునకు ముల్లగును. సమరేఖలతోఁ గూర్చిన ఖతికి నీ దోషము లేదు, దానికి సమత్వమే ప్రతిజ్ఞ. చేవ్రాఁత ఖతికి వైవిధ్యము ప్రతిజ్ఞ. పునరావృత్తియందు నా ప్రతిజ్ఞ చెడును. తార్కికులైనచోఁ బ్రతిజ్ఞాహాని యని వాదిని గూర్చుండఁబెట్టుదురు.

దీనికిఁ బ్రతీకారము లేకపోలేదు. అది తెలియుటకుఁ గంప్యూటరు పద్ధతిని గొంత వివరింపవలెను. యంత్రమున దాఁచఁబడునది యక్షరాకృతి కాదు, వర్ణసంకేతము. యూనికోడు పట్టికలో నొక్కొక వర్ణమున కొక్కొక సంఖ్య గలదు. స, పొల్లు, త, పొల్లు, ర యను నైదు సంకేతములు వరుసగా నిలిచినపుడు "స్త్ర" యను నాకృతిని దెఱమీఁదఁ జూపుట ఖతిలో నిమిడిన విధుల పని. ఈ పద్ధతి పాణినీయులకుఁ గ్రొత్తగాఁ దోఁపదు. పొల్లుతోఁ గూడిన తకారము స్థాని. తావొత్తు దాని కాదేశము. "కి" యనుచోఁ దలకట్టు లోపించి గుడి వచ్చును. ఒత్తులను గూర్చిన సామాన్యవిధి యుత్సర్గము. "క్ష" వంటిచోట దాని కపవాదము. ఖతిని నిర్మించువాఁడు రేఖలను గీయువాఁడు మాత్రమే కాదు, సూత్రకారుఁడు కూడ. నాలుగువేల సూత్రముల యష్టాధ్యాయితోఁ బోల్చుట యతిశయోక్తియే గాని, పని జాతి యొక్కటియే. యూనికోడునకుఁ బూర్వము డీటీపీ యంగళ్ళలో వాడిన ఖతులలో నీ విధులు లేవు. ఒత్తు వేఱు తునుకగాఁ దెచ్చి క్రింద నతుకవలసి యుండెను. సీసపు కేసులోని పద్ధతియే మీటలమీఁదికి వచ్చెను. ఆ ఖతితో వ్రాసినది మఱియొక ఖతిలో నర్థము లేని గీఁతలై పోయెడిది. తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఖతులు యూనికోడు త్రోవను సుగమము చేసినవి. లక్కిరెడ్డి యా త్రోవనే నడచినది.

విధులు గలవు గనుక వికల్పమును జెప్పవచ్చును. తఱచుగా వచ్చు వర్ణములకు రెండుమూఁ డాకృతులను గీసి, ప్రక్కప్రక్కన నదే వర్ణము వచ్చినప్పుడు రెండవ యాకృతి వచ్చునట్లు విధింపవచ్చును. పాణిని "వా" యని యొక యక్షరముతోఁ జేసిన పని యది. నేఁటి ఖతిశాస్త్రమునకు నిది సాధ్యమే. తెలుఁగున శ్రమ మాత్ర మెక్కువ. మకారమునకు రెండవ రూపము గీసినచో దాని గుణింతమంతయు గీయవలెను. లక్కిరెడ్డి వంటి స్వేచ్ఛాఖతులను మార్చుకొను నధికార మెల్లరకును గలదు గనుక, ఈ వికల్పములను జేర్చు పనిని సమర్థుఁడైన యువకుఁ డెవఁడైనఁ జేపట్టుట మంచిది. దానివలనఁ గలుగు ప్రయోజనము క్రొత్తఖతులు పది పుట్టించుటకంటె నధికము.

ఇంక ముఖ్యమైన పరీక్ష. మహాభాష్యకారుఁడు వ్యాకరణప్రయోజనములలో నసందేహము నొకదానిగాఁ జెప్పెను. శబ్దమున కెట్లో యక్షరమునకు నట్లే. ఇది యేవర్ణమో యను సందేహము చదువరికిఁ గలుగరాదు. తెలుఁగు లిపిలో వర్ణములను వేఱుచేయు గుఱుతులు తఱచు మిక్కిలి చిన్నవి. రకార ఠకారములకు భేదము లోని చుక్కయే. ధకార థకారములకును నట్లే. దకార ధకారములను, చకార ఛకారములను, డకార ఢకారములను వేఱుచేయునది క్రింది చిన్ని గీఁత. మకారమున నెడమచుట్టు వకారమువలె మూసికొనియుండును. యకారమున నది తెఱచియుండును. పకారమునకు లోపల నొక గీఁత చేర్చినచో షకారము. పోఁతయక్షరములలో నివి చిన్నవైనను స్పష్టములు. చేవ్రాఁత పోకడగల దళసరి ఖతులయందో, గీఁత లావైనకొలఁది లోపలి ఖాళీ తగ్గును; ఖాళీ తగ్గినకొలఁదిఁ జుక్క గీఁతలోఁ గలసిపోవును. అప్పుడు పాఠశాల "పారశాల" యగును. కథ "కధ" యగును.

కడపటి యుదాహరణము పరిహాసమునకుఁ జెప్పినది కాదు. "కధ" యను నపరూప మిప్పుడు గోడలమీఁదను, పుస్తకముల యట్టలమీఁదను విరివిగాఁ గానవచ్చుచున్నది. బడిపిల్లల వ్రాఁతపుస్తకములలోఁ జేరినది. ఉచ్చారణలో మహాప్రాణభేదము క్షీణించుట దీనికి ముఖ్యకారణ మనుటలో సంశయము లేదు. అయినను జెవి మఱచినదానిని గన్ను గుఱుతుచేయవలసియుండఁగా, కన్నునకుఁ గూడ నా చుక్కను దాఁచిపెట్టు నక్షరము దోషమునకుఁ దోడ్పడునదియే. పలకలు వ్రాయు ఖతికారులు తక్కిన వంకరలన్నియుఁ బోయినను సరే యీ చుక్కను బెద్దదిగాఁ జేయవలెను. అందము చెడు నందురేని, చుక్కను గీఁతనుండి యెడముగాఁ బెట్టి యందమునకు దానినే ప్రధానముగాఁ జేసికొనవచ్చును. బాపు వ్రాఁతలోఁ జుక్క యెప్పుడును సిగ్గుపడి దాఁగలేదు.

అక్షరపరీక్ష యేకాంతమున గదిలోఁ జేసినఁ జాలదు. తిరువూరు ప్రాంతమునందలి రెడ్డిగూడెము (2022 దాఁకఁ గృష్ణాజిల్లాలోను, అటుపిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లాలోను జేరిన మండలము) మామిడితోఁటల సీమ. ఇట్టి గ్రామపుబాటయే ప్రదర్శనాక్షరమునకు నిజమైన నికషము. పలకను జదువువాఁడు నిలుచుండి చదువఁడు. బస్సు కిటికీనుండియో, మోటారుసైకిలుమీఁదనుండియో చదువును. వారిలోఁ జదువు కొలఁదిగా వచ్చినవారును గలరు. మామిడి యని వ్రాసిన పలకలో మకారపుఁ జుట్టు మూసికొనక తెఱచియుండెనేని "యామిడి" యగును. ఊరివాఁ డూహించి చదువుకొనును, సందేహము లేదు. కాని మామిడి ప్రసిద్ధపదము గనుక నూహకు లొంగినది. అపరిచితుని పేరో, క్రొత్త మందు పేరో యైనప్పు డూహ యెట్లు సాయపడును? పురుగుమందు పేరును దప్పుగాఁ జదివినచో నష్టము పంటకు. ఎఱువుల యంగడికిఁ గులాసాగా గీసిన యక్షరము గావలెనా యను ప్రశ్న యచ్చట వచ్చును.

ఔచిత్యమే ప్రాణ మని క్షేమేంద్రుఁడు కావ్యమునకుఁ జెప్పినది పలకకును జెల్లును. ఊరిలోఁ బెండ్లి ఫ్లెక్సీ కట్టుదురు; జన్మదినపు ఫ్లెక్సీ కట్టుదురు; మృతులకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీయుఁ గట్టుదురు. మూఁటికిని నొకే యంగడి, ఒకే యంత్రము, పలుమాఱు లొకే ఖతి. పెండ్లిపందిటిలో నెగిరి గంతులు వేసిన యక్షరమే దశదినకర్మ పత్రికలోను గంతులు వేయును. ఈ దోషము ఖతిది కాదు, వాడినవానిది. అయినను, ఖతి ధారాళముగా నుచితముగా లభించుట యీ వివేచనకు శత్రువైనది. పూర్వము బ్రష్షుపట్టిన పలకకాఁడు శ్రద్ధాంజలి వ్రాయునపుడు చేయి తనంతటఁ దానే యడఁగెడిది.

పెండ్లి శుభలేఖయందు మాత్రము లక్కిరెడ్డి జాతి ఖతులకుఁ దగిన చోటు గలదు. శుభలేఖ బంధువును బిలుచు పిలుపు. ముద్రాశాల నిర్జీవాక్షరములకంటెఁ జేతివ్రాఁత పోకడ యచ్చట హృద్యముగా నుండును. ఇంటిపెద్ద తన చేత వ్రాసి పంపినట్లు తోఁచును. కాని శుభలేఖ యారంభమే ఖతికిఁ గఠినపరీక్ష. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అను మూఁడు మాటలలోనే రావొత్తు, తావొత్తు, ఘకారముక్రింద నావొత్తు వచ్చినవి. వధూవరుల నామములలోఁ గృష్ణ, లక్ష్మి, రాజ్యలక్ష్మి యనునవి తఱచు. "క్ష్మి" యనుచోట గుడి పైని, ఒత్తు లోపల, మావొత్తు క్రింద. నూతన వస్త్రముల యంగడివారి పలకలో "స్త్ర". ఈ సంయుక్తములను జక్కఁగా నిలిపిన ఖతి తక్కినవానిని నిలుపఁగలదు. చేతితో వ్రాయువాఁడు క్రింది పంక్తిలో గుడి రాఁబోవుట చూచి పైపంక్తిలోని యొత్తును ప్రక్కకుఁ దప్పించును. యంత్ర మట్లు చూడదు. కాఁబట్టి యిట్టి ఖతిని వాడువారు పంక్తులనడుమ నెడము సాధారణముగా విడుచుదానికంటె నెక్కువగా విడువవలెను. ఫ్లెక్సీయంగడివారు చోటు చాలలేదని యెడమును దగ్గించి, అక్షరములను నిలువుగా సాగఁదీయుదురు. సాగఁదీసిన చేవ్రాఁత యే చేతికిని జెందినది గాదు.

ఖతుల నామములను గూర్చి యొకమాట. సిలికానాంధ్ర వెలువరించిన తక్కిన ఖతులకుఁ బెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలిరామకృష్ణ, రామరాజ యని రాయలనాఁటి కవులను దలపించు నామము లిడిరి. గురజాడ, గిడుగు, సురవరము వారి పేర్లును గలవు. తిమ్మన పలుకు ముద్దుపలు కని ప్రసిద్ధి. ఆ పేరుగల యక్షరమందు ముద్దును వెదకుట చదువరికి సహజము, దొరకకున్న నిరాశయు సహజమే. వ్యావహారికమునకై పోరాడిన గిడుగు రామమూర్తిగారి పేరిట నున్న యక్షరముతో నెవరైన గ్రాంథికవ్యాసము నచ్చువేయింపవచ్చును, ఖతి యడ్డుచెప్పదు. పూర్వులు వృత్తములకు మత్తేభము, శార్దూల మని పేరు లిడినప్పుడు నడకను సూచించిరో లేదో గాని, పేరు నడకను జ్ఞప్తికిఁ దెచ్చుచున్నది. ఖతులకు నట్టి లక్షణసూచకములైన నామము లిడినచో నంగడిలో నెన్నుకొనువానికి మేలు.

పాఠ్యపుస్తకముల విషయమున మాత్రము రాజీ కూడదు. ఒకటవ, రెండవ తరగతుల పుస్తకములకు నాకర్షణకొఱకని చేవ్రాఁత ఖతులతోఁ బాఠములనే కూర్చుట యిపుడు కొందఱు ప్రకాశకుల కలవాటైనది. బాలుఁడు మకార యకారములను మొదటిసారి కన్నులతోఁ బట్టుకొను వయస్సది. వానికిఁ జూపవలసినది మూసిన చుట్టు, తెఱచిన చుట్టు, లోని చుక్క. అట్టమీఁద లక్కిరెడ్డి యక్షరము వేసికొనవచ్చును, పాఠము పేరును వేసికొనవచ్చును. అఆలు మొదలుకొని గుణింతములు ముగియువఱకు లోపలిపుటలలో సమరేఖాక్షరమే యుండవలెను. అందును ఠకారమును జూపు పుటలో నా చుక్క బాలుని వ్రేలికి నానునంత యుండవలెను.